చెరువు గట్టున నా జాగా

ఆగస్టు 3, ఆదివారం

నా పేరు పిట్టల సైదమ్మ. ఆధార్ కార్డులో అరవై ఎనిమిది, అసలు వయసు ఇంకా ఎక్కువే. ఊరు గరిడేపల్లి దగ్గర. ఇంట్లో నేను, కొడుకు వెంకన్న, కోడలు రేణుక. మొగుడు లింగయ్య పోయిన చలికాలంలో పోయాడు.

నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, రాసేది రేణుక. కోదాడ పిల్ల, డిగ్రీ చదివింది. నేను ఒక తీరుగా అంటే తను పుస్తకాల తెలుగులో దిద్ది రాస్తుంది. దిద్దితే దిద్దనీ... మాట మాత్రం మార్చొద్దన్నాను. ఎవరికీ చూపించడానికి కాదు ఇది. రేపు ఎవరైనా 'నువ్వు అట్లా అనలేదు' అంటే నా మాట నాకు నిలవాలి.

సంగతి ఇది. మా చెరువులో చేపలు పట్టాలంటే సంఘంలో సభ్యత్వం ఉండాలి, కార్డు ఉండాలి. లింగయ్యకు ఉండేది. ఆయన తెప్ప మీద పోయి వల వేస్తే నేను గట్టున కూర్చొని గాలం వేసేదాన్ని. పెళ్ళయి వచ్చిన ఏటి నుంచీ అంతే. ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. కార్డు లేనివాళ్ళు గట్టున గాలం కూడా వేయొద్దని సంఘం తీర్మానం.

నాకు కార్డు కావాలి. నా పేరు మీద.

ఆగస్టు 4

పొద్దున్నే ముత్తయ్య వచ్చాడు. నా మరిది, సంఘానికి అధ్యక్షుడు కూడా. ఈ రెండోది అయినప్పటి నుంచి చెప్పులు వాకిట్లో విడవడం మానేశాడు.

"వదినె, ఎంకన్న పేరు మీద రాసిస్త. ఒక్క సంతకం. ఖతం."

"ఎంకన్నకు చేప తలకాయ ఏదో తోక ఏదో తెల్వది. లారీ తోలుతడు వాడు."

"పేరే గదనే! పట్టేది ఎవలైతే ఏంది?"

"మరి నా పేరు రాయి. పేరే గద."

 ఆడవాళ్ళు అమ్ముతారు, మొగవాళ్ళు పడతారు, తాతల నాటి నుంచి ఇదే రివాజు అన్నాడు. నేను పట్టిన చేపలతో ఈయన పెళ్ళి విందు కూర వండింది ఎవరో మరిచిపోయినట్టున్నాడు. గుర్తు చేశాను. టీ తాగకుండా పోయాడు.

సాయంత్రం వెంకన్న కూడా అదే పాట. గొడవెందుకమ్మా అని. నేను గట్టున కూర్చుంటే ఎవడి పేరు చెప్పి కూర్చోవాలిరా అన్నాను.  అన్నం తిన్నాడు, పడుకున్నాడు.

ఆగస్టు 5

గాలం కర్ర తీసి తుడిచాను. మళ్ళీ అటక మీద పెట్టాను. మళ్ళీ తీశాను.

ఆగస్టు 6

సూర్యాపేట పోయి వచ్చాను, రేణుకను వెంటబెట్టుకొని. చేపల శాఖ మేడం చిన్న పిల్ల, మా రేణుక ఈడుదే. కూర్చోమంది. కొత్త సభ్యులకు పరీక్ష ఉంటుందట. ఈత కొట్టాలి, వల విసరాలి, తెగిన వల అల్లాలి.

"ఈత వస్తదా అమ్మా?"

"వస్తది. కానీ ఇప్పుడు దిగితే నన్ను గుంజనీకి ఇంకొకరు దిగాలె."

నవ్వింది. వల అల్లి చూపించాను, అక్కడే, ఆమె బల్ల మీది ప్లాస్టిక్ దారంతో. విసరడం నా వల్ల కాదని చెప్పేశాను, భుజం లేవదు. మరి చేప ఎట్లా పడతావంది. గాలం. గట్టు మీద నుంచి. జాగా చూసుకొని.

వృత్తి వచ్చని కళ్ళారా చూస్తే చాలు, మీ అధ్యక్షుడు ఒప్పుకుంటే గాలమే చూపించండి అంది. పదహారో తారీఖు వస్తానంది.

బస్సులో రేణుక: "అత్తయ్యా, మీరు ఆఫీసులో అంత గట్టిగా మాట్లాడతారనుకోలేదండి." గట్టిగా ఎక్కడ మాట్లాడాను? అది నా మామూలు గొంతు.

ఆగస్టు 7

ముత్తయ్య ఒప్పుకున్నాడు. ఇంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు... అదే నచ్చలేదు నాకు. రచ్చ దగ్గర నలుగురిలో అన్నాడు: "ఒక్క పూట, ఒక్క చేప. జాగా నీ ఇష్టం వదినె. పడితే కార్డు నీది. పడకుంటే ఎంకన్నది. తర్వాత లొల్లి పెట్టొద్దు."

పెట్టనన్నాను. నోరు జారిందా? ఏమో.

ఆగస్టు 8

తెల్లారగానే గట్టు చుట్టూ తిరిగాను. కర్ర తీసుకుపోలేదు, కార్డు లేదు కదా. కళ్ళు తీసుకుపోవడానికి కార్డు అక్కర్లేదు.

కాలువ నీళ్ళు వచ్చి పడే మూల చూశాను. సాగర్ కాలువ వదిలారు, నీళ్ళు ఎర్రగా దూకుతున్నాయి. కొత్త నీటికి చేప ఎదురెక్కుతుంది. కానీ నిలబడదు. వల వేసేవాడికి అది మంచి జాగా, గాలానికి కాదు. తుమ్మచెట్లు మునిగిన వాగు వంక కూడా చూశాను. కొర్రమీను ఉంటుంది అక్కడ, తప్పకుండా ఉంటుంది. గాలం ముల్లు తుమ్మకొమ్మకు తగులుకుంటే? మేడం ముందర నేను కొమ్మను పట్టినట్టు అవుతుంది.

తూముకు ఇవతల మొండి బండ. గాలి పడమటి నుంచి వస్తోంది, నురగంతా ఈ కట్టకే కొట్టుకొస్తోంది. నురగతో పురుగు, తిండి. తిండి వెంట చేప. బండ కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి, లోతు. నీడ నీళ్ళ మీద పడకుండా వెనక్కి కూర్చోవచ్చు.

అక్కడే. కాదు... రేపు ఇంకోసారి చూడాలి.

ఆగస్టు 9

మళ్ళీ చూశాను. అక్కడే.

మధ్యాహ్నం గాలి మళ్ళింది. తుమ్మల వంకేమో?

ఆగస్టు 10

రేణుక తన నాన్న మాటలు చెప్పింది. ఆయన కొన్నాళ్ళు బాపట్ల దిక్కు రొయ్యల చెరువుల కాపలాకు పోయాడట, సెలవు దొరికితే సముద్రం ఒడ్డున ఇసుకలో నిలబడి గాలం విసిరేవాడట. "అల తెల్లగా విరిగే చోట వేయకూడదంట అత్తయ్యా. రెండు అలల మధ్య నీళ్ళు నల్లగా, నెమ్మదిగా ఉంటాయంట, అక్కడే గుంట ఉంటదంట. చేప ఆ గుంటలో తిరుగుద్దంట."

సముద్రం నేను చూడలేదు. అయినా ఆ మనిషి చెప్పింది నిజమే అయి ఉంటుంది. నీళ్ళు ఎంత పెద్దవైనా చేపకు కావలసింది నల్లని చోటే. తూము బండ ఖాయం. ఇక మాట్లాడేది లేదు.

నిద్ర సరిగా లేదు ఈ మధ్య.

ఆగస్టు 11

వెంకన్న మిర్యాలగూడ మిల్లు నుంచి తవుడు తెచ్చాడు. నేనే తెమ్మన్నాను. గుప్పెడు పొట్లం కడతాడనుకుంటే బస్తా దించాడు. "మిల్లుల తవుడుకేం కరువమ్మా? కొట్టుకపో అన్నడు సేటు." మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంది. పాయసం వాసన.

గాలం వేసే జాగాకు ముందుగా మేత అలవాటు చేయాలి. తవుడు, పల్లిచెక్క, ఇంత మట్టి కలిపి ముద్ద చేసి రోజూ పొద్దున్నే ఒకే చోట వేస్తే చేప ఆ వేళకు ఆ చోటికి వస్తుంది. మా అమ్మ నేర్పింది. ముద్ద వేయొద్దని ఏ తీర్మానంలోనూ లేదు, రేణుకతో అడిగించాను.

ఆగస్టు 12

వేశాను. బుడగలు లేచాయి. మా వీధి జానమ్మ బట్టలు ఉతుకుతూ చూసింది. "చేపల కోసం ప్రార్థన చెయ్యాల్నా సైదక్కా?" చెయ్యి అన్నాను. మీ యేసు శిష్యులు కూడా వల వాళ్ళే కదా, పని తెలిసిన దేవుడు.

ఆగస్టు 14

నిన్న వేశాను, ఇవాళ ఇంకా ఎక్కువ వేశాను. మా అమ్మ రోజుకు నాలుగు ముద్దలు అనేది. ఆమె కాలంలో తవుడు మనుషులకే లేదు. ఇప్పుడు బస్తా ఉంది, దాచి పెట్టుకొని ఏం చేస్తాను?

సోమ్లా బర్రెలను నీళ్ళలోకి వదిలి గట్టున కూర్చున్నాడు. పక్క తండా వాడు, లింగయ్యకు స్నేహితుడు.

"అక్కా, గిదేంది? చేపలకు లగ్గం చేస్తున్నవా?"

"నీకు పిలుపు లేదులే. బర్రెలను జర అటు మలుపు."

మలిపాడు. బండ కింద నీళ్ళు కుతకుత ఉడుకుతున్నట్టే ఉన్నాయి. ఒక బొచ్చె చేప వీపు కనబడింది, చేటంత. 

ఆగస్టు 15

బడి పిల్లల ఊరేగింపు. నేను బస్తా అడుగు కూడా దులిపి వేశాను.

ఆగస్టు 16, శనివారం

ఏం చెప్పాలి.

చీకటి విడిచే వేళకే పోయి కూర్చున్నాను. గాలి సరిగ్గానే ఉంది. నీళ్ళు సరిగ్గానే. ముల్లుకు ఎర్రను, అదే వానపామును గుచ్చాను, జొన్న బెండు నీళ్ళ మీద తేలి నిలబడింది. మేడం వచ్చింది, గొడుగు కింద కుర్చీ వేశారు. ముత్తయ్య, సంఘం వాళ్ళు, సగం ఊరు.

బెండు కదలలేదు.

ఎర్ర మార్చాను. పిండి పెట్టాను. లోతు పెంచాను, తగ్గించాను. మంత్రం వేసినట్టు నిలబడిపోయింది బెండు. వెనక నుంచి ముత్తయ్య, "వదినె, మోటర్ పెట్టి నీళ్ళు తోడియ్యమంటవా?" అందరూ నవ్వారు. నేను తిరగలేదు. తిరిగితే ముఖం కనబడుతుంది.

ఎండెక్కింది. మేడం లేచి నా పక్కన బండ మీద కూర్చుంది, చీర మట్టి అవుతుందని కూడా చూడలేదు. "అమ్మా, నేను చూసిందే రాయాలె కదా." రాయమన్నాను. పడలేదని రాయి. అయితే వల అల్లింది కూడా రాయి. తలూపింది. ఏం రాస్తుందో చెప్పలేదు, వారం పడుతుందంది.

ఇంటికొచ్చి కర్ర మూలకు విసిరాను. రేణుక అన్నం పెట్టింది. మంచి పిల్ల.

ఆగస్టు 17

జానమ్మ పరుగెత్తుకొచ్చింది. పొద్దున ముత్తయ్య నా బండ దగ్గరే వల వేశాడట. బొచ్చె పడిందట, పెద్దది. కోయమని జానమ్మకే ఇచ్చారు.

"సైదక్కా, దాని పొట్ట నిండ తవుడే! ముద్దలు ముద్దలు! బాలింతకు పెట్టినట్టు పెట్టినవ్ గదనే."

కడుపు నిండిన చేప గాలం ముట్టదు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో. తవుడు వెచ్చగా చేతికి తగిలేసరికి నాకే మతి పోయింది. మిల్లు ఊరికి దగ్గరగా బతికితే ఇంతే... తక్కువ వేయడం చేతికి రాదు.

పట్టలేక నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. ముత్తయ్య మీద కాదు, నా చేతుల మీద.

ముత్తయ్య ఇంటి నుంచి కూర గిన్నె వచ్చింది. వెనక్కి పంపాను. తర్వాత రేణుక చేత తెప్పించాను. నా తవుడు కదా.

ఆగస్టు 18

సంఘం కూర్చుంది. పిలవలేదు, పోయాను. వెంకన్న పేరు రాస్తున్నారు. ఆపమన్నాను.

"లొల్లి పెట్టనన్నవ్ వదినె. నలుగురిల అన్నవ్."

"అన్న. ఒక్క మాట అడిగి పోత. ముత్తయ్యా, ఒట్టి వల గుంజుకోని నువ్వు ఇంటికి రాలేదా ఎన్నడు?"

"రాక? ఎన్నోసార్లు."

"మరి ఆ రోజు నీ కార్డు ఎవడన్నా గుంజుకున్నడా?"

  ఒకరు దగ్గారు.

"మొగోడికి చేప పడకుంటే గంగమ్మ దయ లేదంటరు. నాకు పడకుంటే పని రాదంటరా? మీరంత ఒక పూటల కార్డు తెచ్చుకున్నోళ్ళేనా?"

రాసేవాడు పెన్ను ఆపాడు. మేడం మాట వచ్చేదాకా ఎవరి పేరూ రాయొద్దని ఒక ముసలాయన అన్నాడు. ముత్తయ్య అడ్డు చెప్పలేదు. 

ఆగస్టు 19

మేడం ఫోన్ చేయలేదు. రేణుక ఫోన్ చేతిలోనే పెట్టుకు తిరుగుతోంది, స్నానానికి పోయినా నాకిచ్చి పోతోంది. మోగితే ఏది నొక్కాలో నాకు తెలియదు. పచ్చది అంది.

ఆగస్టు 20

మేడంకు కాగితం పంపాలనుకున్నాను. ఈ పేజీనే చింపి ఇస్తాను, ఇంకో దాంట్లో రాయడం ఎందుకు?

మేడం గారికి: పదహారో తారీఖు నాకు చేప పడలేదు. జాగా తప్పు కాదు, మేత ఎక్కువైంది, ఆ తప్పు నాది. మరునాడు అదే జాగాలో మా అధ్యక్షుడికి పడింది. నాకు గాలం వచ్చు, వల అల్లడం వచ్చు, చెరువు తెలుసు. ఖాళీ చేతులతో ఇంటికి రావడం కూడా మా వృత్తిలో భాగమే. నా కార్డు నా పేరు మీద ఇవ్వాలి. ఇవ్వకపోయినా రేపు పొద్దున బండ మీద ఉంటాను. కర్ర గుంజుకుంటే గుంజుకోనీ.

జానమ్మ చదివి సంతకం పెట్టింది. సోమ్లా చదివించుకొని వేలు పెట్టాడు. మూడో సాక్షి ముత్తయ్యే కావాలన్నాను. రేణుక భయపడింది. నేనే పిలిపించాను.

వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"గిండ్ల సంతకం పెడితే నేను నీ దిక్కు చెప్పినట్టైతది గద వదినె."

"అబద్ధం ఏదన్నా ఉంటే చెప్పు, కొట్టేపిస్త."

అబద్ధం వెతికాడు. టీ తాగాడు. పెన్ను పట్టుకొని చాలాసేపు కాగితం మీద వంగి కూర్చున్నాడు. "జర సోంచాయించుకోనియ్యి" అని లేచాడు. పరధ్యానంలో పెన్ను జేబులో పెట్టుకుపోయాడు. రేణుక ఇది పెన్సిల్‌తో రాస్తోంది.

పిట్టల సైదమ్మ — ఎడమ బొటనవేలు ముద్ర.

సాక్షులు:
జానమ్మ — సంతకం.
సోమ్లా — వేలిముద్ర.
ముత్తయ్య —