హార్మ్ బౌవ్‌సెమా వీధికి కావలసిన పత్రాలు

వీధుల నామకరణ సంఘం,
ఊస్టర్‌వార్ఫ్ పురపాలక కార్యాలయం,
4 మార్చి 1996

గౌరవనీయులైన శ్రీ హార్మ్ బౌవ్‌సెమా గారికి,

ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలి. పద్ధతికి ఒక సంఘం ఉండాలి. సంఘానికి కాఫీ విరామం ఉండాలి. ఈ మూడూ సక్రమంగా ఉన్న ఊళ్లలోనే కాలువలు గట్టు దాటవని, వీధులు ముగియవలసిన చోటే ముగుస్తాయని మా సంఘం దృఢంగా విశ్వసిస్తోంది. ఈ విశ్వాసాన్ని దృష్టిలో ఉంచుకొని కింది సంగతులు చదవగలరు.

కాలువ గట్టు నుంచి ఫుట్‌బాల్ మైదానానికి పోయే కొత్త వీధికి తమ పేరు పెట్టాలని స్థానిక క్లబ్బు పెట్టుకున్న దరఖాస్తు అందింది. నారింజ రంగు చొక్కా తొడుక్కొని దేశం తరఫున తాము చేసిన గోల్స్‌ను సభ్యులందరూ ఎరుగుదురు. అభ్యంతరం ఏదీ లేదు. అయితే ఏడవ నిబంధన ప్రకారం, వీధికి పేరిచ్చే వ్యక్తి మరణించి ఉండాలి. గతంలో బతికుండగానే వీధి సంపాదించుకున్న ఒక మేయరు గారు మరుసటి నెలలోనే దీపం లేని సైకిలుతో పట్టుబడి, ఆ వీధివాసులందరికీ తలవంపులు తెచ్చినందున ఈ నిబంధన ఏర్పడింది. కనుక తమ మరణ ధ్రువపత్రం రెండు ప్రతులు ఈ నెలాఖరులోగా పంపవలసిందిగా మనవి.

నిబంధనలకు విధేయురాలు,
ఆల్తీనా వీరింగా,
కార్యదర్శి

తా.క. గడువు దాటితే వీధి రెండవ దరఖాస్తుకు, అనగా పొరుగూరి డిఫెండరు కీ.శే. ఎప్పో మల్డర్ గారికి చెందుతుంది. ఆయన పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి.


ఊస్టర్‌వార్ఫ్,
9 మార్చి

కార్యదర్శి వీరింగా గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కోరిన దానికి ఈ క్షేమమే అడ్డమని గ్రహించాను.

మీ ఉత్తరం మా ఆవిడ గ్రీచె పైకి చదివింది. చదివి, బంగాళదుంపల తొక్క తీస్తూనే, "ఏవయ్యా, ఆ కాగితం ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. "నీ పనులన్నీ ఇంతే," అంది.

నా సంగతి మీకు తెలుసన్నారు గానీ, ఫైలులో ఉంటుందని రాస్తున్నాను. పాల డబ్బాలు మోసే ఇంట్లో పుట్టాను. పడమటి నగరంలోని పెద్ద క్లబ్బు వాళ్లు తీసుకెళితే పదిహేనేళ్లు అక్కడ ఆడాను. నేను పరుగెత్తగా చూసినవాళ్లు లేరని పత్రికలు రాశాయి. నిజమే. గోలు ముందు నిలబడేవాణ్ణి, బంతి వచ్చేది, తోసేవాణ్ణి. అలా మూడు వందలకు పైగా. నిలబడటం తేలికనుకునేవాళ్లు ఎప్పోను వీపు వెనకాల పెట్టుకొని ఒక్క పూట నిలబడి చూడాలి. ఆ మనిషి జీవితమంతా నా చొక్కా పట్టుకొని వేలాడాడు. చనిపోయాడు, కాదనను. అది తప్ప ఆయన సాధించిందేమిటో సంఘం వారు సెలవియ్యాలి.

ప్రతి శనివారం మ్యాచ్ చూడటానికి ఆ దారినే వెళతాను. మొన్న మైదానంలో పిల్లలు నన్ను ఆపి, "తాతా, ఇక్కడ గడ్డి కోసేది నువ్వేనా?" అని అడిగారు. వీధి పలక మీద నా పేరుంటే అలా అడగరు. ఆ పలక మీద ఎప్పో పేరుంటే మాత్రం నేను ఇంట్లోనే ఉండిపోతాను.

తమ విధేయుడు, ప్రస్తుతానికి సజీవుడు,
హార్మ్ బౌవ్‌సెమా

తా.క. మంగళవారం గ్రోనింగెన్ ఆసుపత్రిలో చేరుతున్నాను. జవాబు ఆలస్యమైతే మన్నించాలి.


వీధుల నామకరణ సంఘం,
13 మార్చి

గౌరవనీయులైన శ్రీ బౌవ్‌సెమా గారికి, లేక వారి వారసులకు,

తమరు స్వయంగా ఆసుపత్రిలో చేరి సహకరిస్తున్న తీరుకు సంఘం ముగ్ధమైంది. దరఖాస్తుదారులలో ఇంత బాధ్యత అరుదు. గడువు ఇంకా ఉన్నందున తొందరపడవద్దని, అలాగని మరీ నిదానించవద్దని మనవి.

పలక రాసే మనిషికి పని అప్పగించాము. తమ పుట్టిన సంవత్సరం రాసి, పక్కన చిన్న గీత గీసి, ఆపై ఖాళీ ఉంచాడు. నిన్నటి సమావేశంలో సభ్యులు లేచి నిలబడి తాత్కాలిక మౌనం పాటించారు. అవసరం లేదని తేలిన పక్షంలో ఆ మౌనాన్ని వేరొకరికి సర్దుబాటు చేస్తాము. 23వ తేదీ శనివారం క్లబ్బు క్యాంటీనులో సంతాప కాఫీ ఏర్పాటైంది. మనిషికి కేకు ఒక్క ముక్క.

ఆశాభావంతో,
ఆల్తీనా వీరింగా

తా.క. ప్రాణాలతో తిరిగి రాదలచినవారు శుక్రవారం మధ్యాహ్నంలోగా తెలియజేయాలి. ఆ తర్వాత బేకరీ వారు కేకు ఆర్డరు మార్చరు.


ఊస్టర్‌వార్ఫ్,
25 మార్చి

వీరింగా గారికి,

ఇన్నాళ్లూ గ్రీచె గ్రోనింగెన్‌లో వాళ్ల అక్క ఇంట ఉంది. మీ ఉత్తరం తలుపు సందులోంచి పడి, చాప మీదే ఉండిపోయింది. కనుక శనివారం ఆసుపత్రి నుంచి బస్సులో వస్తూ, క్లబ్బు ముందు అన్ని సైకిళ్లు చూసి, మ్యాచ్ ఉందనుకొని దిగాము.

లోపల నా ఫోటో ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. మైదానం అంచు వెంట ఆడుతూ ఏళ్ల తరబడి నాకు బంతులందించిన రూల్ఫ్ ప్రసంగిస్తున్నాడు. తానే లేకపోతే హార్మ్ గోలు ముందు దీపస్తంభంలా మిగిలిపోయేవాడని సారాంశం. చంకల్లో కర్రలతో నేను గుమ్మంలో కనబడ్డాను. రూల్ఫ్ కాగితం మీంచి తలెత్తాడు.

"కూర్చోరా, ఇంకా అవలేదు," అన్నాడు.

కూర్చున్నాను. అయ్యాక కేకు అడిగితే, మనుషుల లెక్కకే తెచ్చారు, నీకు లేదన్నాడు.

"ఒరేయ్, అది నా కేకురా."

"చచ్చిపోయిన హార్మ్‌ది. నువ్వు చచ్చావా మరి?"

చివరికి తన ముక్కలో సగం తుంచి నా ముందుకు తోశాడు. ఎప్పటిలాగే సరిగ్గా నా ముందుకే వచ్చింది. ఎప్పటిలాగే నేను చేసిందల్లా లోపలికి తోయడమే.

ఇక అసలు విషయం. నాకు జరిగింది మోకాలి ఆపరేషను. కుడి మోకాలు తీసేసి లోహంతో చేసినది పెట్టారు. పాతది తన్నులు తిని తిని అరిగిపోయిందని డాక్టరు అన్నాడు. ఎవరివని అడిగాడు. ఎప్పోవి అన్నాను.

అమ్మా, నేను పోయాక పెట్టే పలకను ఊరంతా చదువుతుంది, నేను తప్ప. ఒక్కసారి నేనూ చదువుకోవాలని ఉంది. నిబంధనల్లో దీనికి చోటుందో లేదో చూడగలరు.

హార్మ్ బౌవ్‌సెమా

తా.క. పాత మోకాలు ఇంటికి తీసుకెళతారా అని ఆసుపత్రి వాళ్లు అడిగారు. "కిటికీ గట్టు మీద పూలకుండీలకే చోటు చాలడం లేదు," అంది గ్రీచె. దహనం చేసి, చేసినట్లు ముద్ర వేసి కాగితమిచ్చారు. మీకు కాగితాలంటే ఇష్టం కదా అని జతచేశాను.


వీధుల నామకరణ సంఘం,
29 మార్చి

మృతుని సమీప బంధువు శ్రీ హార్మ్ బౌవ్‌సెమా గారికి,

తమకు కలిగిన నష్టానికి సంఘం ప్రగాఢ సానుభూతి తెలుపుతోంది.

జతచేసిన పత్రం ఏడవ నిబంధనను సంపూర్ణంగా తృప్తిపరుస్తోంది. కీర్తిశేషమైన మోకాలు ఈ ఊళ్లోనే పుట్టింది, దేశానికి సేవ చేసింది, విధి నిర్వహణలో అరిగిపోయింది, విధివిధానంగా దహనమైంది. ఇకపై అది దీపం లేని సైకిలు తొక్కి ఎవరికీ తలవంపులు తెచ్చే అవకాశం లేదు. కాఫీ విరామానికి ముందు జరిగిన ఓటింగులో ఒక్కరూ వ్యతిరేకించలేదు.

ఎప్పో మల్డర్ గారి దరఖాస్తును తిరస్కరించాము. ఒకరి మరణానికి కారకులైనవారు వారి వీధిని పొందజాలరు. ఆయన భార్యకు ఈ సంగతి తెలియజేయగా, ఆమె మా ఆయన బతికుంటే చాలా సంతోషించేవాడని, ఆ మోకాలి గురించి చివరి దాకా గొప్పగా చెప్పుకునేవాడని అన్నారు.

వచ్చే శనివారం ఉదయం "హార్మ్ బౌవ్‌సెమా కుడి మోకాలి వీధి" ప్రారంభమవుతుంది. తమరు మొదటి వరుసలో, కుటుంబసభ్యులకు కేటాయించిన కుర్చీలో కూర్చోవాలి. కర్రలతో మెడ ఎత్తి చూడటం కష్టమని ఒక సభ్యుడు గుర్తుచేసినందున, పలకను ఆచారానికి భిన్నంగా తమ కళ్ల ఎత్తుకే బిగిస్తున్నాము. కేకులో తమ వాటా రెండు ముక్కలు.

సంతాపంతో, నియమబద్ధంగా,
ఆల్తీనా వీరింగా

తా.క. ఎడమ మోకాలితో సహా శ్రీ బౌవ్‌సెమా గారి మిగతా అవయవాలన్నీ ఆ వీధిలో సాధారణ పాదచారుల కిందే లెక్క. వారు పలక ముందు ఎంతసేపైనా ఆగి, ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు. అయితే చదివేటప్పుడు ముఖంలో దుఃఖం తప్ప గర్వం కనబడరాదు. ఇది పద్దెనిమిదవ నిబంధన. దీనిపై అప్పీలు లేదు.