మా ఇంట్లో రాత్రి పొద్దున్నే

జూన్ 2, సోమవారం

ఎవరికి రాస్తున్నానో తెలియదు. కానీ కాగితం ముందు పెట్టుకుంటే ముందుగా క్షేమం అడగడమే నాకు చేతనయిన పని. అందుకని అందరూ ఎలా ఉన్నారో రాస్తాను. నా మోకాళ్ళు నిన్నటికంటే నయం. బీపీ మాత్ర వేసుకున్నాను. వేసుకున్నానా అని అనుమానం వచ్చి చెత్తబుట్టలో అట్ట వెతికి చూశాను, వేసుకున్నాను. చెల్లెలికి షుగర్ అలాగే ఉందని ఫోన్లో చెప్పింది. కోడలికి కళ్ళ కింద నలుపు తగ్గలేదు. నీళ్ళ మోటారు కూడా నాలాగే, లేచే ముందు కాసేపు మూలుగుతోంది. ఫోటోలో అబ్బాయి నవ్వుతూనే ఉన్నాడు.

ఈ డైరీ కోడలికి ఆఫీసులో ఇచ్చారు. మీ దిగుళ్ళన్నీ ఇందులో రాయండి అత్తయ్యా, సగం తగ్గుతాయి అంది. ఇంతవరకూ రాశాను. ఏమీ తగ్గలేదు. చెయ్యి నొప్పి అదనం.

కోడలిది అంబులెన్స్ కాల్ సెంటర్‌లో ఉద్యోగం. ఎప్పుడూ నైట్ డ్యూటీయే. ఊరంతా పడుకున్నాక ఎవరికి గుండె నొప్పి వచ్చినా, ఎవరు మెట్ల మీద జారిపడినా ఆ ఫోను తన చెవిలో మోగుతుంది. పొద్దున్నే ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని, కర్టెన్లు వేసుకుని పడుకుంటుంది.

పక్కిల్లు అమ్మేశారు. కొన్నాయన వస్తూనే గేటుకి నీలం రంగు వేయించాడు. ఇవాళ మనుషులు వచ్చి పారలూ గోతాలూ దించారు. బాత్రూమ్ పగలగొట్టి మళ్ళీ కడతారట. వాళ్ళ బాత్రూమ్‌కీ కోడలి గదికీ ఒకటే గోడ.

తలుపు తీసి చూశాను. పడుకుంది.

జూన్ 3, మంగళవారం

డ్రిల్లింగ్ మిషన్ పెట్టారు. గోడ మీద అబ్బాయి ఫోటో వణికిపోయింది. వెళ్ళి చేత్తో పట్టుకున్నాను. ఎంతసేపని పట్టుకోను?

జూన్ 5, గురువారం

కోడలు వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. రాత్రి ఎవరో పెద్దాయనకి ఊపిరాడటం లేదని ఫోనొస్తే వీధి నంబరు తప్పు కొట్టిందట. బండి వేరే వీధికి వెళ్ళింది. పక్క సీటు అమ్మాయి చూసి సర్దింది కాబట్టి సరిపోయింది. ఆయన బతికాడు. కానీ పై ఆఫీసరు పిలిచి, నిద్రపోయి రావమ్మా, ఇది కొట్లో బిల్లు కొట్టే పని కాదు అన్నాడట. ఇంకోసారి ఇలా జరిగితే సీట్లోంచి తీసేస్తారట. అదంతా చెప్పి నవ్వింది.

అబ్బాయి సంగతి ఇందులో రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఊపిరాడేలా లేదు. వాడు రాత్రి బస్సు నడిపేవాడు. పోయి రెండేళ్ళు. బస్సులో అందరూ క్షేమంగా దిగారు, వాడు తప్ప. పగలు నిద్ర లేక స్టీరింగ్ దగ్గర కన్ను మూతపడిందని డిపో వాళ్ళు చెప్పారు. ఒక్క కునుకు, అంతే.

అప్పుడు కోడలి తల్లి వచ్చి కూతుర్ని తీసుకెళ్తానంది. తను వెళ్ళలేదు. నేనెక్కడికీ రాను, ఆ మంచం మీదైతేనే నాకు నిద్రపడుతుంది అంది. మంచం కోసం కాదు, నా కోసం ఉండిపోయిందని నాకు తెలుసు. తనకీ తెలుసు. ఇద్దరం మంచం మీదే నెట్టేశాం.

తలుపు తీసి చూశాను. మళ్ళీ అన్నాలప్పుడు చూశాను. పడుకునే ఉంది.

జూన్ 6, శుక్రవారం

వార్డు ఆఫీసుకి వెళ్ళాను. సంచీ, నీళ్ళ సీసా, గొడుగు, ఇంటి పన్ను కట్టిన రసీదు, అన్నీ పట్టుకెళ్ళాను, ఏదడుగుతారోనని. నాలుగో క్లాసు చదువుతో బోర్డులు కూడబలుక్కుంటూ తిరిగితే ముందు కుక్కల లైసెన్సుల గదిలోకి వెళ్ళాను. అక్కడాయన మీ కుక్క ఏదమ్మా అన్నాడు. మా ఇంట్లో కుక్క లేదు నాయనా, కోడలుంది అన్నాను. గదంతా నవ్వారు. ఏమన్నానో తర్వాత అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

శబ్దాల ఫిర్యాదులు చూసేది కళ్ళద్దాల అమ్మాయి. మామ్మగారూ, శబ్దం ఏ టైములో అని అడిగింది. పగలు అన్నాను. పగలైతే చేసుకోవచ్చండి అంది. ఈ ఊళ్ళో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా నిశ్శబ్దంగా ఉండాలట. రిపేరు పనులు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా చెయ్యొచ్చట, ఆదివారం కూడదట. మా ఇంట్లో రాత్రి పొద్దున్నే మొదలవుతుందమ్మా అన్నాను. నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసి, ఎవరికండీ అంది. చెప్పాను.

ఆస్పత్రి చుట్టుపక్కల హారన్ కూడా కొట్టకూడదట. మరి ఆస్పత్రికి మనుషుల్ని పంపే పిల్ల పడుకునే ఇంటి పక్కన గోడలు బద్దలు కొట్టొచ్చా అన్నాను. రూల్లో అలాంటి ఇల్లు లేదండీ అంది. పాపం, తనేం చేస్తుంది, రూలు తను రాసిందా.

కానీ పగటికీ ఒక హద్దుందట. అది కొలిచే మీటరుందట. దాటితే నోటీసు ఇస్తారు. ఇచ్చేది మేస్త్రీకి కాదు, ఇంటి ఓనరుకి. పనివాళ్ళు చేసినా, అద్దెకున్నవాళ్ళు చేసినా, ఎవరింట్లో పుట్టిన శబ్దానికి ఆ ఇంటి ఓనరే జవాబు చెప్పాలి మామ్మగారూ అని రెండుసార్లు చెప్పింది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

పేరు బయటపెట్టకుండా కూడా ఫిర్యాదు తీసుకుంటారట. వద్దు, నా పేరే చెప్పండి అన్నాను. లేకపోతే నీలం గేటాయన ఎదురింటివాళ్ళని అనుమానిస్తాడు. అదొక దిగులు మళ్ళీ.

ఇంటికి రాగానే తలుపు తీసి చూశాను. వానల చెమ్మకి ఉబ్బింది తలుపు, కింద గచ్చుకి రాసుకుంటోంది. భుజం పెట్టి తోస్తే కానీ రావడం లేదు. పడుకుంది.

జూన్ 9, సోమవారం

మీటరు పట్టుకుని ఒకాయన వచ్చాడు. కోడలు పడుకుందని గుసగుసగా చెబితే ఆయనా గుసగుసగానే మాట్లాడాడు, డ్రిల్లు మోతలో నాకు ఒక్క ముక్క వినబడలేదు. హాల్లో నిలబెట్టి కొలిచాడు. హద్దు దాటింది. నాకు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది. అంతలో మా మోటారు దానంతటది లేచి మూలగడం మొదలెట్టింది. ఆయన మీటరు అటు తిప్పాడు. మీ మోటారు కూడా తక్కువేం కాదమ్మా అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోను? ఇకనుంచి మోటారు స్విచ్చి కట్టేసి, కోడలు డ్యూటీకి వెళ్ళాకే వేస్తాను.

సాయంత్రం నీలం గేటాయన నోటీసు పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గోడ అవతలే కదా పిన్నిగారూ నేనుండేది, ఒక్క కేకేస్తే పలికేవాణ్ణి, ఆఫీసుదాకా ఎక్కాలా అన్నాడు. వాళ్ళమ్మకి తుంటి ఎముక విరిగిందట. కింద కూర్చోలేదట. ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చేలోపల పట్టుకునే కడ్డీలతో బాత్రూమ్ కట్టాలని ఆయన తొందర. ఆవిడ పేరున నేను నోటీసు ఇప్పించినట్టయింది. టీ ఇచ్చాను. తాగలేదు. తర్వాత తాగాడు.

మేస్త్రీయే దారి చూపించాడు. మూడింటిదాకా పూత పని, ఇసుకా ఇటుకలూ మోసే పని చేయిస్తాను పెద్దమ్మా, మిషను ఆ తర్వాతే ముడతాను అన్నాడు. మూడింటికి కోడలు లేస్తుంది. ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

జూన్ 11, బుధవారం

నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే గడియారం వినబడుతోంది. గడియారం తీసి వంటింట్లో పెట్టాను.

తలుపు తీసి చూశాను. దుప్పటి పైకీ కిందకీ ఆడుతోంది. ఆడుతుంటే చాలు నాకు. కాసేపయ్యాక, ఇంకా ఆడుతోందా అని మళ్ళీ చూశాను.

జూన్ 14, శనివారం

అయినా కోడలి కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. నిద్ర పట్టిందా అంటే, ఆ పట్టింది అత్తయ్యా అంటుంది. అబద్ధం చెప్పేటప్పుడు జడ ముందుకేసుకుంటుంది. వేసుకుంది.

ఇంకేం శబ్దమై ఉంటుందని రోజంతా వెతికాను. కుక్కర్ పెట్టడం మానేసి గిన్నెలో వండాను. మైకు పెట్టుకుని కూరలమ్మేవాణ్ణి మలుపులోనే ఆపేశాను. కిటికీ మీద పావురాలని తోలాను. ఆ చెట్టు మీద కాకులకి కూడా నోటీసిచ్చావా పెద్దమ్మా, లేకపోతే ఓనరెవరో కనుక్కుని చెప్పనా అని మేస్త్రీ గోడ మీంచి ఎగతాళి. గట్టిగా నవ్వకు బాబూ అన్నాను. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

వచ్చి తలుపు తీసి చూశాను. పడుకుంది. కదలకుండా పడుకుంది.

జూన్ 17, మంగళవారం

రాత్రి కోడలు హెడ్‌ఫోను పెట్టుకునే కునికిందట. అవతల మనిషి హలో హలో అంటుంటే మెలకువ వచ్చిందట. ఆఫీసరు ఈసారి కేకలెయ్యలేదు. నెలాఖరు దాకా చూస్తానన్నాడు. కేకలెయ్యకపోవడమే భయం.

మధ్యాహ్నం మూడు దాటాక కళ్ళద్దాల అమ్మాయి ఫోను చేసింది, ఫిర్యాదు మూసేయొచ్చా అని. కోడలే తీసింది. నేను వంటింట్లో ఉన్నాను. పక్కింటి శబ్దం లేదండీ, మూసేయండి అంది. అవతల ఏమడిగిందో. ఇంట్లోదానికి మీ దగ్గర రూలుంటుందా ఏంటి, ఉండదులెండి అంది, మెల్లగా.

చేతిలో గరిటె అలాగే ఉంది. ఇంట్లో ఏ శబ్దం అని వెళ్ళి అడిగాను. ఏం లేదంది. జడ ముందుకేసుకుంది. నా మీద ఒట్టు అన్నాను. అప్పుడు చెప్పింది.

మీరు తలుపు తీస్తారు అత్తయ్యా అంది.

గచ్చు మీద తలుపు గీసుకున్న ప్రతిసారీ లేస్తుందట. లేచి కళ్ళు మూసుకునే ఉంటుందట. కళ్ళు తెరిస్తే, అయ్యో పిల్ల పడుకోలేదని నేను బెంగపడతానని. నేను చూసి వెళ్ళిపోయాక మళ్ళీ ఎప్పుడు తీస్తానా అని వింటూ ఉంటుందట. రాత్రంతా ఫోను డ్యూటీ, పగలంతా నిద్రపోయే డ్యూటీ అత్తయ్యా అని నవ్వబోయి ఏడ్చింది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అన్నాను. మీరు తలుపు దగ్గర నిలబడి చూసేది నన్ను ఒక్కదాన్నే కాదు కదా, ఎలా చెప్పను అంది.

జూన్ 18, బుధవారం

తలుపు తీయలేదు.

తీశాను.

జూన్ 20, శుక్రవారం

నిన్న గడప దగ్గర నేల మీద కూర్చున్నాను, తలుపు ముట్టుకోకుండా. ఊపిరి వినబడుతుందేమోనని చెవి ఆనించాను. లోపలినుంచి, అత్తయ్యా, తలుపు కింద మీ నీడ కనబడుతోంది, లోపలికొచ్చి కూర్చోండి అంది. వెళ్ళి కూర్చున్నాను. తను కళ్ళు మూసుకుంది. నేను దుప్పటి చూస్తూ ఉన్నాను. ఇద్దరం మూడింటిదాకా అలాగే ఉన్నాం. తను నిద్రపోలేదు.

ఇవాళ మళ్ళీ వార్డు ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లో మనిషే మాటిమాటికీ తలుపు తీస్తుంటే ఏం చెయ్యాలమ్మా అని అడిగాను. మా రూళ్ళు గడప బయటిదాకానే మామ్మగారూ అంది కళ్ళద్దాల అమ్మాయి. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

వస్తూ దారిలో ఆ అమ్మాయి మొదట చెప్పిన మాటే అనుకున్నాను. ఎవరింట్లో పుట్టిన శబ్దానికి ఆ ఇంటి ఓనరే జవాబు చెప్పాలి. ఇల్లు నా పేరున ఉంది.

కోడలి ఆఫీసు వెనక నైట్ డ్యూటీ వాళ్ళకి గదులున్నాయి. కిటికీలకి రెండు అద్దాలట, పగలు కారిడార్లో ఎవరూ మాట్లాడకూడదట. ఎప్పుడో మాటల్లో చెప్పింది. ఇవాళ నేనే తెచ్చాను ఆ మాట. నువ్వు ఆ గదిలోకి వెళ్ళవే అన్నాను. ఎప్పుడైనా మిమ్మల్ని వదిలి వెళ్తానన్నానా అత్తయ్యా అని కోప్పడింది. అనలేదు, నేనే పొమ్మంటున్నాను అన్నాను. నేను దిగులు మానలేను తల్లీ, అది నా చేతిలో లేదు, నువ్వు బతికుండటం కావాలి నాకు అన్నాను. గొంతు పెద్దదైంది. గోడ అవతల పనివాళ్ళు ఆగిపోయారు.

జూన్ 29, ఆదివారం

రెండు సంచులు, ఒక పెట్టె. మంచం ఇక్కడే ఉంటుంది, మంచం కోసమైనా వస్తాను అంది. నేను తలూపాను. నోరు తెరిస్తే ఉండిపొమ్మంటానని తెరవలేదు. ఆటో ఎక్కబోతూ వెనక్కొచ్చి, బీపీ మాత్ర వేసుకున్నారా అంది. నీలం గేటాయన పెట్టె ఎత్తి ఆటోలో పెట్టాడు. వాళ్ళమ్మ ఎల్లుండి వస్తుందట.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. ఆదివారం పని కూడదుగా, ఏంటి బాబూ అన్నాను. శబ్దం లేని పనేలే పెద్దమ్మా అన్నాడు. గది తలుపు కింద చిత్రిక పట్టాడు. బందులకి నూనె వేశాడు. ముందుకీ వెనక్కీ ఆడించి చూపించాడు. గాలి కదిలినట్టుంది, అంతే. ఇంత చిన్న పని ముందే చేసిపెట్టేవాణ్ణి కదా, ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నాడు. తలుపు కాదు బాబూ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. డబ్బులు తీసుకోలేదు.

ఆయన వెళ్ళాక తలుపు తీసి చూశాను. ఏ శబ్దమూ రాలేదు. దుప్పటి మడత పెట్టి ఉంది.

జూలై 2, బుధవారం

నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మోటారు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేస్తున్నాను. పక్కింటావిడ వచ్చింది, కడ్డీ పట్టుకుని నిలబడగలుగుతోందట. కోడలు ఫోను చేసింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా పడుకుందట. జడ ఎటు వేసుకుందో ఫోన్లో కనబడదు. నమ్మాను.

చూడ్డానికి రమ్మంది. జూలై 13, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, తను లేచాక. తలుపు తనే తీస్తుందట.