రెండు చేతులూ ఒక్కటే

మార్చి 3, సోమవారం

అన్నయ్యని మ్యూజిక్ ట్రూప్‌లోకి తీసుకున్నారు. మౌత్ ఆర్గాన్ వాయించడానికి. నెలాఖరు శనివారం హోటల్లో మొదటి షో. మిగతా నలుగురికీ వెస్ట్రన్ లెదర్ జాకెట్లున్నాయి, బ్రౌన్ రంగువి, కుచ్చులతో. జాకెట్ లేనివాడికి స్టేజి లేదని లీడర్ తేల్చి చెప్పాడట.

ఎంపిక నాకు అప్పగించాడు. తను షాపుకి రాడు. కొత్తవాళ్ల చేత కొలతలు తీయించుకోడు, అద్దం ముందు నిలబడడు. చిన్నప్పుడు మోచెయ్యి విరిగాక ఎడం చెయ్యి సరిగ్గా ఎదగలేదు. కుడిదానికంటే ఒకటిన్నర అంగుళం తక్కువ. నాకు సూది పట్టుకోవడం వచ్చినప్పట్నుంచి తన చొక్కాల ఎడం చేతులు నేనే మడిచి కుడుతున్నాను. కుడి చెయ్యి డిగ్రీ దాకా చదివిందే, ఎడంది మధ్యలో స్కూలు మానేసింది, అని తనే జోకులేస్తాడు. ఇంట్లో మాత్రమే.

నువ్వు తెస్తే కళ్లు మూసుకుని తొడుక్కుంటానే పుస్తకాల పురుగూ, అన్నాడు.

మార్చి 5, బుధవారం

టేపు పెట్టి కొలిచాను. కుడి ఇరవై అయిదు, ఎడమ ఇరవై మూడున్నర. ఒక లైబ్రరీ స్లిప్పు వెనక రాసి, ఎడమ కింద రెండు గీతలు గీశాను. చదువుతున్న నవలలో బుక్‌మార్క్‌గా పెట్టుకున్నాను.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం మా లైబ్రరీ రిపేర్ రూమ్‌లో ఒక నిఘంటువుకి కొత్త వెన్ను అతికిస్తున్నాను. మ్యాప్‌ల ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. రోజూ పదకొండింటికి వచ్చి పాత అట్లాసులు తిప్పే ఆయన. ఏడు నెలల్లో నాతో మాట్లాడింది నాలుగుసార్లు. లెక్కపెట్టుకున్నందుకు సిగ్గేస్తోంది.

జిగురు డబ్బా పక్కనున్న జాకెట్ల కేటలాగు చూశారు. ఎవరికని అడిగారు. అన్నయ్యకన్నాను. మీ అన్నయ్య నా ఒడ్డూ పొడుగేనా అన్నారు. అవునన్నాను. అది నిజమే. అయితే శనివారం నేనూ వస్తాను, నా మీద వేసి చూసుకోండి, అన్నారు.

ఆ తర్వాత నిఘంటువు వెన్ను తలకిందులుగా అతికించాను.

మార్చి 8, శనివారం

షాపు ఇరుకు. తోలు వాసన, మైనం వాసన. ముసలి టైలరు ఒక్కడే. మూడు జాకెట్లు దించి చూపించాడు. నల్లది నున్నగా మెరుస్తోంది, టిచ్ బటన్లు మరీ ఎక్కువ. రెండోది ఎర్రమట్టి రంగు, తోలు పల్చన. మూడోది ముదురు తేనె రంగు. కాస్త గరుకు. ఛాతీ మీద రెండు మొనలుగా దిగిన తోలు అతుకు, వీపు వెంట, చేతుల వెంట కుచ్చులు. మ్యాప్‌ల ఆయన తొడుక్కుని చెయ్యెత్తారు. కుచ్చులన్నీ ఒక్కసారి కదిలాయి. ఇదేనన్నాను. నా గొంతు నాకే వినపడింది.

అది షో పీసు, ఇలాంటిదే కొత్తది కుట్టి ఇస్తానన్నాడు టైలరు. ఆయన భుజాలూ నడుమూ కుడి చెయ్యీ కొలిచి పుస్తకంలో రాసుకుంటూ, తలెత్తకుండానే అడిగాడు. మీ అన్నయ్య చేతులు రెండూ ఒక్కటేనా అమ్మా, కొందరికి తేడా ఉంటుంది, తోలుకి ముందే చెప్పాలి, అన్నాడు.

కాగితం బ్యాగులో ఉంది. నవల 112వ పేజీలో. మ్యాప్‌ల ఆయన నా వైపు చూసి నవ్వారు. మామూలు నవ్వే.

ఒక్కటే, అన్నాను.

మార్చి 9, ఆదివారం

కాన్వెంట్ స్కూల్లో సిస్టర్ రోజూ సాయంత్రం, ఆ రోజు చేసిన మూడు తప్పులు రాయమనేది. మూడు దొరక్క కల్పించి రాసేదాన్ని. ఇవాళ కల్పించక్కర్లేదు.

మార్చి 13, గురువారం

షాపుకి ఫోన్ చేశాను. తోలు కత్తిరించడం అయిపోయిందట. పెట్టేశాను.

మార్చి 19, బుధవారం

జాకెట్ వచ్చింది. అన్నయ్య నిజంగానే కళ్లు మూసుకుని తొడుక్కున్నాడు. భుజాలు పోతపోసినట్టు కుదిరాయి. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. ఎడమది వేళ్ల మొదళ్ల దాకా దిగింది.

కళ్లు తెరిచి చూసుకున్నాడు. వేళ్ల మీది తోలుని వెనక్కి లాక్కున్నాడు. తర్వాత, ఎడం చేతిని మళ్లీ స్కూల్లో చేర్పించినట్టున్నాడే మీ టైలరు, అన్నాడు. నవ్వాడు. అమ్మ నవ్వలేదు. పిల్ల కొలతలు రాసిచ్చినా చూసుకోలేదంటే వాడికి కళ్లున్నాయా, నెత్తిన పెట్టుకున్నాడా, అని షాపు ఉన్న దిక్కు తిరిగి తిట్టింది. నువ్వు కాగితం ఇచ్చావు కదే, అని అడిగింది.

తల ఊపాను. నోటితో చెప్పలేదు కాబట్టి అబద్ధం కాదని కాసేపు అనుకున్నాను.

మార్చి 20, గురువారం

షో ఎప్పుడని మ్యాప్‌ల ఆయన అడిగారు. ఇంకా తెలియదన్నాను.

మార్చి 22, శనివారం

జాకెట్ పట్టుకుని ఒక్కదాన్నే షాపుకి వెళ్లాను. టైలరు కొలతల పుస్తకం తెరిచి చూపించాడు. ఇరవై అయిదు, దాని కింద 'రెండూ'. మీ నోటితోనే చెప్పారు కదమ్మా, అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

పొట్టి చేయొచ్చట. కానీ మనిషి వచ్చి తొడుక్కుని నిలబడాలి. తోలుకి సూది దిగితే ఆ కన్నం పూడదు, ఒకటే అవకాశం, అన్నాడు. పుస్తకాల అట్టలు కుట్టేదాన్ని, నాకు తెలియదా.

అన్నయ్య వస్తే ఆ పుస్తకం చూస్తాడు. రాకపోతే వేళ్లు కప్పుకుని స్టేజి ఎక్కాలి. నాలుగు రోజులుగా తనకి జ్వరమొస్తే బాగుండుననుకుంటున్నాను. ఎవరికోసం?

జాకెట్ మళ్లీ ఇంటికే తెచ్చాను. షాపు మూసుందని చెప్పాను.

మార్చి 25, మంగళవారం

అన్నయ్య అద్దం ముందు ఎడం చెయ్యి లోపలికి మడిచి చూసుకుంటున్నాడు. తోలు మడత నిలబడదు. జారిపోతోంది. నన్ను చూసి, పర్లేదులే, ఆ చెయ్యి మైకు వెనక దాచేస్తా, అన్నాడు. అద్దం ముందు తను నిలబడగా నేను చూడటం ఇదే మొదటిసారి.

గుమ్మంలో చెప్పేద్దామనుకున్నాను. కాఫీ పెట్టనా అని అడిగాను.

మార్చి 27, గురువారం, 11.20

మ్యాప్‌ల ఆయన టేబుల్ దగ్గరికి నేనే వెళ్లాను. మా అన్నయ్యకి ఎడం చెయ్యి ఒకటిన్నర అంగుళం పొట్టి, షో శనివారం ఆరింటికి, ఆ రోజు షాపులో మీ ముందు చెప్పలేకపోయాను, అన్నాను. మూడూ ఒకే ఊపిరిలో.

ఆయన అట్లాసు మీద వేలు అలాగే ఉంచి, అయ్యో, మరి జాకెట్ సరిపోలేదా, అని అడిగారు. అంతే. ఇంకేమీ అడగలేదు.

ఇంత చిన్న ప్రశ్నకి భయపడి అంత పని చేశానా?

చెప్పాల్సిన మనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు.

మార్చి 29, శనివారం

స్తంభం పక్కన నిలబడి చూశాను. తేనె రంగు జాకెట్. పాట మధ్యలో అన్నయ్య మౌత్ ఆర్గాన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. రెండు మణికట్లూ కనిపించాయి. రెండు చేతుల అంచులూ సరిగ్గా అక్కడే ఆగాయి.

నిన్న ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. ఎక్కడికెళ్లావని నేను అడగలేదు.

బయటికొచ్చాక అమ్మ అడిగింది, చెయ్యి ఎవరు సరిచేశారని. ఆ టైలరేనమ్మా, నిలబెట్టి కొలిచి కత్తిరించాడు, తప్పు తనదేనన్నాడు పాపం, ఇంకేం అనకు, అన్నాడు. నా వైపు చూడలేదు. మ్యాప్‌ల ఆయన వచ్చి అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. ఎడం చెయ్యి.

మార్చి 30, ఆదివారం

నవల తెరిచాను. 112వ పేజీలో కొలతల కాగితం లేదు. దాని చోట తేనె రంగు తోలు ముక్క ఉంది. అంచున సూది కన్నాలు.

టేపు పెట్టి చూశాను. వెడల్పు ఒకటిన్నర అంగుళం.