మామిడిపండు మొక్కు

గురుబరపల్లి,
మే 1

ప్రియమైన నాన్నకు,

సెలవుల్లో ఉత్తరాలు రాయమని తెలుగు టీచర్ చెప్పింది కాబట్టి నీకు ఉత్తర యోగం పట్టింది. కేశవప్ప మామ టమాటాల బండిలో హోసూరు వస్తున్నాడు, మత్తిగిరిలో మనింట్లో ఇమ్మని ఆయన చేతికే ఇస్తున్నాను.

ఇక్కడ సెందూర మామిడిపండ్లు మొదలయ్యాయి. అవ్వ ఇల్లంతా వాసనే. కానీ నేను ముట్టను. అమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేదాకా మామిడిపండు తిననని గంగమ్మకు మొక్కుకున్నాను. "ఏడో క్లాసు పిల్లకు ఇంత మొండితనం యాడనుంచి వచ్చిందే!" అని అవ్వ తిట్టింది. నీ నుంచే అన్నాను.

అమ్మకు ఇది చదివి వినిపించు. ఏమందో రాయి.

నోరూరుతున్నా నోరు కట్టుకున్న,
స్మిత


మత్తిగిరి,
మే 9

నా బంగారు స్మితకు నాన్న దీవెనలు.

నీ ఉత్తరం అమ్మకు వినిపించాను. నవ్వింది.

బెంగళూరు ఆస్పత్రిలో ఇప్పుడు లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వడం లేదు. అమ్మ మాట్లాడకూడదు, చూడటానికి పిల్లలు రాకూడదు అంటున్నారు డాక్టర్లు. మనం ఉత్తరాలే రాసుకుందాం. మొక్కు మాత్రం వదలకు తల్లీ. నువ్వు గట్టిగా ఉంటే అమ్మ తొందరగా ఇంటికొస్తుంది.

అవ్వను సతాయించకు. వేళకు తిను.

నీ నాన్న,
గిరిప్రసాద్


గురుబరపల్లి,
మే 18

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం పది వాక్యాలు కూడా లేదు. పరీక్షలో నేనిలా రాస్తే సున్నా వేస్తారు.

అవ్వ సంగతి ఏమీ బాగాలేదు. ఈ నెల మొదట్లో, హోసూరులో పెళ్లి అని నన్ను కేశవప్ప మామ ఇంట్లో వదిలి మూడు రోజులు పోయింది. పెళ్లికి పోయినామె ఒక్క లడ్డు కూడా తేలేదు. కళ్లు వాచిపోయి వచ్చింది. అడిగితే పొగ అంది. అప్పటినుంచి నాకు జడ వేస్తూ వేస్తూ ఆగిపోతుంది.

అమ్మతో ఒక్క లైను రాయించి పంపు. "స్మితా" అని రాసినా చాలు. ఆ 'స్మి'కి అమ్మ పెట్టే పెద్ద గుడి చూడాలని ఉంది.

ఎదురుచూస్తూ,
స్మిత


మత్తిగిరి,
మే 24

నా బంగారు స్మితకు,

అమ్మ చేతికి సూది పెట్టి ఉన్నారు, రాయలేదు. తగ్గాక రాస్తుంది. స్కూలు తెరిచేలోగా అంతా సర్దుకుంటుంది.

నీ నాన్న


గురుబరపల్లి,
జూన్ 4

నాన్నకు,

ఈరోజు పొద్దున అవ్వ పెరటి గోడ మీద ఆకు వేసి అన్నం, పప్పు, తొక్క తీసిన సెందూర పండు పెట్టింది. నేను నీళ్ల బిందెతో తలుపు దగ్గరే ఉన్నాను. నన్ను చూడలేదు. "తారా, రామ్మా. నీకిష్టమని కోసినాను తల్లీ. వచ్చి తిను" అని అమ్మ పేరు పెట్టి కాకిని పిలిచింది.

పోయినేడు తాత చనిపోయి నెల తిరిగినప్పుడు కూడా ఇట్లాగే, తాత పేరు పెట్టి పిలిచింది. నాకు అన్నీ తెలుసు నాన్నా. నేనేమీ చిన్నపిల్లను కాదు.

బిందె దించి అడిగాను. అవ్వ కూలబడిపోయింది. "మీ నాయన చెప్పొద్దన్నాడు పాపా" అంది.

ఊరంతటికీ తెలుసు. కేశవప్ప మామకు తెలిసి కూడా నీ ఉత్తరాలు తెచ్చిచ్చాడు. మా అమ్మ సంగతి కాకికి తెలుసు, నాకు తెలియదు. సూది అన్నావు. మొక్కు వదలకు అన్నావు. నవ్విందన్నావే, అది కూడా అబద్ధమేనా?

నాకు తేదీ కావాలి. ఏ రోజు పోయింది? దాచకుండా రాయి. మే పద్నాలుగున అవ్వ మాగాయ పచ్చడి కలుపుతుంటే వేలితో ఒకసారి నాకాను. కాయే కదా, పండు కాదు కదా అనుకున్నాను. ఆ తర్వాత పోయి ఉంటే, నావల్లే పోయినట్టు. అన్నం దిగడం లేదు.

స్మిత


మత్తిగిరి,
జూన్ 5

స్మితా,

మే నాలుగో తేదీ, శనివారం, పొద్దున పదకొండున్నరకు అమ్మ చనిపోయింది. నువ్వు పచ్చడి నాకడానికి పది రోజుల ముందే. అమ్మ కాలేయం పూర్తిగా పాడైపోయింది, మందులు పని చేయలేదు. నీ వేలివల్ల కాదు, నీ మొక్కువల్ల కాదు. నువ్వు చేసిన దేనివల్లా కాదు. అస్థికలు హొగేనకల్ దగ్గర కావేరిలో కలిపాను. నిన్ను ఆ రోజు కూడా పిలవలేదు.

నవ్వింది మాత్రం నిజం. మూడో తేదీన నీ ఉత్తరం చదివి వినిపించాను. "మామిడిపండు లేకుండా దానికి ఎండాకాలం ఎట్ల పోతుంది?" అని నవ్వింది. తర్వాత, "పాపను పిలుచుకొని రా" అంది. ముక్కులో గొట్టాలు చూస్తే బెదిరిపోతావని, "రేపు తెస్తాను" అన్నాను. రేపు లేకుండా పోయింది.

మొక్కు వదలకని ఎందుకు రాశానో చెప్పలేను. రాస్తున్నంతసేపు నేనూ నమ్మాలనుకున్నాను. ఆస్పత్రిలో ఫోన్ వద్దన్నారన్నది అబద్ధం. నా గొంతు వింటే నీకు తెలిసిపోతుంది. నీ ఏడుపు వినే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంక ఏమడిగినా నిజమే చెబుతాను. ఆదివారం రావచ్చా?

నాన్న


గురుబరపల్లి,
జూన్ 7

నాన్నకు,

నాలుగు నుంచి పద్నాలుగు దాకా వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను. ఆ భయం పోయింది. నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో అడగకు.

"పాపను పిలుచుకొని రా" అని అమ్మ అంది నా కోసం. ఆ మాట నాది. నెల రోజులు నీ దగ్గరే పెట్టుకున్నావు.

అవ్వ పండు కోసిచ్చింది. సగం గోడ మీద పెట్టాను. "అమ్మా" అని పిలిచాను. చాలాసేపు నిలబడ్డాను. కాకి రాలేదు. మిగతా సగం నేను తిన్నాను. బాగా తియ్యగా ఉంది, అందుకే ఏడుపొచ్చింది.

ఆదివారం రా. రేపు అని మాత్రం అనకు. వచ్చే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి. నువ్వు ఏడ్చినా పర్లేదు, నేను పెట్టేయను.

స్మిత