నా నుంచి నీకు రానిది

చిరంజీవి మొండిఘటానికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, మీ పిన్ని క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు కానీ నేను నమ్మలేదు. అక్కడ మందులిచ్చే నర్సమ్మ ఫోన్ చేసి, "మీవాడు మాత్రలకి రావడం మానేశాడమ్మా, ఊళ్ళోనే ఉన్నాడా?" అని అడిగింది.

షాపు సంగతి అడిగావు. స్కూలు యూనిఫారాల ఆర్డరొచ్చింది. కాలర్లు కుట్టి కుట్టి మెడ పట్టేసింది. మీ పిన్ని గుండీలు కుడుతూ నోటికి మాత్రం సెలవివ్వడం లేదు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. "నీ కడుపులో ఉండగానే నాకొచ్చింది. ఇద్దరిదీ ఒకే హెచ్ఐవీ వైరస్. నిన్ను ఇన్నేళ్ళు మందు లేకున్నా ఏమీ చేయకుండా వదిలేసి, నన్ను చిన్నప్పుడే ఎందుకు పడగొట్టింది?" అని. చదివి బాగా ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

నాకొక మంచి జన్యువు ఉందట. దానివల్ల రోగంతో పోరాడే నా కణాలు వైరస్‌ని తన ఒంట్లో అది సులువుగా మార్చుకోలేని భాగం దగ్గర దొరకబుచ్చుకుంటాయట. మారి తప్పించుకున్నా దాని బలం తగ్గుతుందట. బిడ్డలకి అది రావచ్చు, రాకపోవచ్చు. నా ముక్కు తీసుకున్నావు, మొండితనం మొత్తం తీసుకున్నావు, అదొక్కటీ రాలేదు. ఇచ్చే వీలుంటే దాచుకుంటానట్రా?

నీ జన్యు పరీక్ష రిపోర్టులో జబ్బు "త్వరగా ముదిరే అవకాశం" అని చూసి, ఇక మందులెందుకని మానేశావు కదూ? అది మందు వేసుకోకపోతే సంగతిరా పిచ్చి సన్నాసీ! వేసుకుంటే నీలాంటివాళ్ళు నిండుగా బతుకుతున్నారని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"ఒక్క మాత్రైనా మింగావా, నీకేం తెలుసు?" అని కూడా రాశావు. నీకు చెప్పని మాట ఒకటుంది. నా ఒంట్లోనూ వైరస్ రూపు మార్చుకుంది. ఇన్నేళ్ళూ వెతికి వెతికి దారి కనుక్కుంది. నా రోగనిరోధక కణాల సంఖ్య పడిపోయింది. ఈ వారమే మాత్రలు మొదలుపెట్టాను. కళ్ళు తిరుగుతున్నాయి, పాడు కలలొస్తున్నాయి. భయంగానూ ఉంది. "కొన్నాళ్ళు ఆపవే అక్కా" అంది మీ పిన్ని. "నోర్ముయ్" అన్నాను. నేను ఆపను.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. నా మాత్రల డబ్బా నేను తెచ్చుకుంటాను. ఈలోగా నువ్వు డాక్టర్ని కలిసి నీది తెచ్చుకో. ఏం తిని వేసుకుంటే కడుపులో తిప్పదో నువ్వే నాకు నేర్పాలి.

ఇట్లు,
మాత్రలు మింగడంలో నీకంటే చిన్నదైన
మీ అమ్మ