గుమ్మం ముందు అదురు

అత్తయ్యకు నమస్కారాలు.

మా కేబుల్ ఆఫీసులో కొత్త పని మొదలైంది. ఇంటర్నెట్ కోసం మీ వీధి కింద వేసిన గాజుతీగ, నేల అదిరినా కనిపెడుతుంది. అందులోకి వెలుగు పంపి, వెనక్కి వచ్చే వెలుగులో తేడా చూస్తాం. మీ గుమ్మం ముందు ఏదో అదురు, అస్తమానం అటూ ఇటూ పోతోంది. కింద నీళ్ల పైపు కారుతోందేమో! మీకేమైనా వినిపించిందా? మేం ఇక్కడ పగలంతా వింటూనే ఉన్నాం.

నీ మేనకోడలు

* * *

కోడలు పిల్లకు అత్తయ్య దీవెనలు.

వింటున్నారా! ఎంత పని చేశావే! నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నేనూ మీ మావయ్యా సైగలతోనే సంసారం చేస్తున్నాం. ఆయన కాఫీ అడిగితే గొడుగు తెచ్చిచ్చాను. ఫోన్ చెయ్యకు, అదీ మీ తీగలోంచేగా వచ్చేది.

ఇట్లు, నోరు కుట్టేసుకున్న అత్తయ్య

తా.క. మొన్న మీ అమ్మ గురించి నేనన్నది కోపంలో అన్నది. మీరు విని ఉండకపోతే, అసలు అనలేదనుకో.

* * *

అత్తయ్యకు నమస్కారాలు.

తీగకు మాటలు వినపడవు, అదురే తెలుస్తుంది. అది నీళ్లు కాదు, ఎవరివో అడుగులని నా అనుమానం. ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చినట్టు. మా పెద్దసారు నమ్మడం లేదు. గురువారం మీ గుమ్మం ముందు తవ్విస్తారట. నాకు ఇక్కడ కాలు నిలవడం లేదు, వెంటనే రాయి.

నీ మేనకోడలు

తా.క. అమ్మని ఏమన్నావు?

* * *

కోడలు పిల్లకు దీవెనలు.

అవి మీ మావయ్య అడుగులే. బస్సు కండక్టరుగా రిటైరైనా ఆ కాళ్లు డ్యూటీ దిగలేదు. వరండాలో ముందు డోరు నుంచి వెనక డోరుకి పచార్లు చేస్తూనే ఉంటారు. మీ తీగకి తెలియకుండా చెప్పులకి దూది కడదామని కాలు పట్టుకుంటే కెవ్వుమన్నారు. మడమ మీద పుండు! అసలే షుగరు మనిషి. చెబితే తిరగనివ్వనని దాచారు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాను. ఇంకొన్నాళ్లు ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు.

ఇట్లు, మీ తీగని తిట్టినందుకు లెంపలేసుకున్న అత్తయ్య

తా.క. దూది మిగిలింది. మీ పెద్దసారుకి పంపనా?

* * *

అత్తయ్యా,

తవ్వకం ఆపించాను. కానీ మావయ్య ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చేశారా ఏమిటి? అదురు మళ్లీ మొదలైంది! అదే వరండా, ఇంకా వేగంగా, క్షణం ఆగకుండా. ముందు ఆయన్ని మంచానికి కట్టెయ్యి!

కంగారులో, నీ మేనకోడలు

* * *

కోడలు పిల్లకు దీవెనలు.

మావయ్య ఆసుపత్రి మంచం మీదే ఉన్నారు. చూడనిచ్చే వేళ అయ్యేదాకా అక్కడి నర్సులు నన్నే ఇంటికి పొమ్మంటున్నారు. ఇక్కడ కూర్చోలేను, పడుకోలేను. ఇన్నాళ్లూ ఆ తిరుగుడు చూసి విసుక్కున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే ఇల్లు భయంగా ఉందే. ఆ అడుగులు నావే.

ఇట్లు, అత్తయ్య

తా.క. మీ అమ్మని నేనన్నది 'కాలుగాలిన పిల్లి' అని. మీ నాన్న రావడం కాస్త ఆలస్యమైతే గుమ్మంలో పచార్లు చేస్తుందని. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మళ్లీ తా.క. రేపు ఆయన్ని ఇంటికి తెస్తున్నాను. నావి రెండు, ఆయనవి రెండు, చేతికర్ర ఒకటి. మీ తెర మీద అయిదు కాళ్ల జంతువు కనబడితే గడ్డపారలతో రాకండి.