రాతి మీది గీతలు

1949 ఫిబ్రవరి 12, శనివారం. కోదాడ.

పొద్దున నాయిన బండి కట్టించి నన్ను మునగాల అవతలి పాత ఇటుకల దిబ్బకు తీసుకపోయిండు. అక్కడొక రాతి మీద సిలువ ఉందట. యేసు శిష్యుడు తోమా కాలంలోనే మన క్రైస్తవులు ఇక్కడ ఉన్నరనేదానికి అదే సాక్ష్యమని ఆయన నమ్మకం.

బజారులో ఒకటే ఎకసెక్కం మరి: "తెల్లదొరలు పోయిన్రు, మీ దేవుడెప్పుడు పోతడు పంతులూ?" నాయిన బైబిలు చంకల పెట్టుకొని ఇంటికొస్తడు. ఈ రాయి దొరికినంక ఆయనకు జవాబు దొరికింది.

రాతికి పసుపు పూసి ఉంది. గొర్రెలు కాసే అవ్వ నవ్వి, "ఎవుని దేవుడైతేంది అయ్యగారూ, మొక్కితే వాన పడుతున్నది" అన్నది.

పసుపు తుడిచి వేలితో తడిమిన. నాలుగు గీతలు లోతుగా ఉన్నయి. వాటి నడుమ ఇంకో నాలుగు సన్నగా తగిలినయి. ఎనిమిదైతే అది బౌద్ధుల చక్రం. కానీ ఆ సన్నవి చక్రం ఆకులేనా, ఉత్త పగుళ్లేనా ఎంత చూసినా తేలలే.

"పట్నంల చరిత్ర చదివినవు. సిలువనే గద బిడ్డా?" నాయిన గొంతులో అంత బతిమాలుడు ఎన్నడూ వినలే.

"అట్లనే కనబడుతుంది నాయినా" అన్న.

దారి పొడుగునా పాడుకుంటనే వచ్చిండు. రేపు చర్చి ఆరాధనలో అందరి ముందర ఆ మాట నన్నే చెప్పమన్నడు. ఒకవేళ నిజంగా సిలువే అయితే? కాకపోతే?

అన్నం తిన్నంక గుమ్మంలో నిలబడి మెల్లగా అన్నడు: "నీకు అనుమానముంటే చెప్పకులే బిడ్డా."

అంటే ఆయన వేళ్లకు కూడా ఆ సన్న గీతలు...